ఇరుసు మార్చిన బండి

మా అత్తయ్యగారిది నగరం. పేరుకే నగరం, నిజానికి పల్లెటూరు. అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో, మామిడికుదురు మండలంలో ఉంటుంది. ఫోన్లో "నగరంలో ఉన్నాను" అంటే హైదరాబాదు స్నేహితులు "ఏ నగరం?" అంటారు. నగరమే అంటాను. ఈ జోకు ఇరవయ్యేళ్లుగా వేస్తున్నాను, ఇంకా నాకు విసుగు రాలేదు.

ఆ ఊళ్లో కొబ్బరితోట చివర రేకుల షెడ్డు కింద ఓ కాంటెస్సా కారు ఉంది. మావయ్యది. మస్కట్‌లో పదకొండేళ్లు చేసి, తొంభైల్లో తిరిగొచ్చాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల మారుతీలు, అంబాసిడర్లు ఉండేవి గానీ, ఇంత పొడుగు ముక్కున్న కారు లేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మావయ్య పోయాక బండి కొన్నేళ్లు కవరు కింద పడుంది. పోయిన వేసవిలో బావ దాన్ని బయటికి తీశాడు. బాడీకి ఊదారంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు, ఇంజను విప్పించి కట్టించాడు. ఇదంతా అత్తయ్య చూస్తూ ఊరుకుంది. ఆఖర్న అతను వెనక ఇరుసు మార్పిస్తానన్నాడు. అక్కడ మొదలైంది గొడవ.

కార్లంటే ఆసక్తి లేనివాళ్ల కోసం కాస్త నేపథ్యం. హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాని మార్కెట్లోకి తెచ్చింది, 2002 వరకు తయారు చేసింది. మన దేశానికి మజిల్ కారంటూ ఒకటుంటే అది ఇదేనని అభిమానులంటారు. అమెరికాలో అరవైల్లో పోంటియాక్ జీటీవో లాంటివి తెచ్చిన మోజు అది. పొడుగు బానెట్, వెడల్పు భుజాలు, లోపల బలిసిన ఇంజను. కాంటెస్సాకి ఆ మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. బాడీ బ్రిటన్‌లో వాక్స్‌హాల్ వాళ్లు డెబ్భైల్లో అమ్మిన విక్టర్‌ది. అంత ఒంట్లో మొదట పెట్టింది మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను. పహిల్వాన్‌కి గుమాస్తా గుండె అన్నమాట. తర్వాత జపాను ఇసుజు వాళ్ల 1.8 లీటర్ల ఇంజను వచ్చాక గానీ బండి తన ఆకారానికి తగ్గట్టు పరిగెత్తలేదు. మావయ్య బండి ఆ రెండో రకం.

ఇక్కడే ఓ మాట అనుకోవాలి. అసలు స్వరూపం, ఒరిజినల్, అంటూ ఏ బండి గురించి మనం వాదించుకున్నామో ఆ బండి పుట్టుకే ఒక అతుకుల బొంత. ఇంగ్లీషు ఒళ్లు, జపాను గుండె, మధ్యలో మనవాళ్ల సర్దుబాట్లు. మనం "అసలు" అనేది చాలాసార్లు మనం మొదటిసారి చూసిన రూపం మాత్రమే.

సరే, ఇరుసు ఎందుకు? కాంటెస్సాని వెనక నుంచి చూడండి. బాడీ వెడల్పుగా ఉంటుంది, చక్రాలు మాత్రం లోపలికి నక్కి ఉన్నట్టుంటాయి. అన్నయ్య చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంటుంది. వెనక చక్రాలు మడ్‌గార్డు అంచు దాకా బయటికొస్తే బండి నిలబడే తీరే మారిపోతుంది. బావ కోరిక అదే. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి తేలిక: చక్రానికీ డ్రమ్ముకీ మధ్య లోహపు బిళ్ళలు పెట్టి చక్రాన్ని బయటికి నెట్టడం. వాటినే స్పేసర్లంటారు. రెండోది కష్టం: వెడల్పాటి ఇరుసునే వేరే బండిలోంచి తెచ్చి బిగించడం. అమెరికాలో పాత మస్టాంగుల్లో, కమారోల్లో ఇలా ఇరుసులు మార్చేవాళ్లది ఓ లోకం. 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ వాళ్లు చేసిన తొమ్మిదంగుళాల ఇరుసుంటుంది (తొమ్మిదంగుళాలంటే వెడల్పు కాదు, లోపలి పెద్ద పళ్లచక్రం వ్యాసం), దాన్ని ఏ కంపెనీ కారుకైనా తగిలించేస్తారు. మన దగ్గర అంత ఏర్పాటేం లేదు. తుక్కులో దొరికిందే ఇరుసు.

తాటిపాక వైపు మాకు తెలిసిన ఓ మేస్త్రీ ఉన్నాడు. స్పేసర్ల మాట ఎత్తగానే కొట్టిపారేశాడు. "చూడ్డానికి బానే ఉంటదండీ, ఆయ్. కానీ బేరింగు ఎక్కడుందో అక్కడే ఉండిపోద్దండి. చక్రం బయటికి లాగుతుంటే అది ఎన్నాళ్లు మోస్తదండీ?" మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి నేను. పుస్తకంలో మూమెంట్ అని చదివింది అతను ఒక్క వాక్యంలో చెప్పేశాడు. భారం అదే, చేతి పొడుగు పెరిగింది, కాబట్టి భుజం మీద నొప్పి పెరిగింది. ఇరుసే వెడల్పైతే బేరింగు కూడా చక్రంతో పాటు బయటికొస్తుంది. నాకది బాగా నచ్చింది. స్పేసరు వేషం లాంటిది, ఇరుసు ఎముక లాంటిది అనుకున్నాను. వెడల్పుగా కనిపించాలంటే వెడల్పుగా ఉండాలి! ఎంత నిజాయితీ ఉన్న మార్పు అనుకుని మురిసిపోయాను కూడా. ఈ మురిసిపోవడం గురించి తర్వాత చెప్పాలి.

అత్తయ్యకి ఇవేం పట్టలేదు. "ఆయన బండిరా అది. ఆయన ఎలా వదిలెళ్లాడో అలా ఉండనివ్వండి" అంది.

"నాన్నున్నప్పుడే రెండుసార్లు ఇంజను దింపించాడమ్మా. ఎన్నిసార్లు టైర్లు మార్చాడు, గేరుబాక్సు మార్చాడు. అప్పుడు ఆయన బండి కాకుండా పోయిందా?" అన్నాడు బావ.

"ఆయన మార్చాడు కదా" అంది అత్తయ్య.

చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను, బావ మొహాలు చూసుకున్నాం.

ప్లూటార్క్ రాసిన థీసియస్ ఓడ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఏథెన్సు వాళ్లు ఆ ఓడని దాచుకుని, పుచ్చిపోయిన పలక తీసేసి కొత్త పలక వేస్తూ వచ్చారు. అన్నీ మారాక అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు కొట్టుకున్నారు. హాబ్స్ వచ్చి దాన్ని ఇంకో మెలిక తిప్పాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవడో దాచి, వాటితో మళ్లీ ఓడ కట్టాడనుకోండి, ఇప్పుడు రెండిట్లో ఏది అసలుది? కాలేజీ రోజుల నుంచీ ఈ చిక్కుముడి నాకు ఇష్టం. అయితే ఆ రెండు వేల ఏళ్ల వాదనలో అత్తయ్య అన్న మాట నేనెక్కడా చూడలేదు. అందరూ పలకల గురించి, ఆకారం గురించి, కొనసాగింపు గురించి మాట్లాడారు. పలక ఎవరు మార్చారు, ఏ హక్కుతో మార్చారు అని ఆవిడ అడిగింది. ఆయన మార్చినవి ఆయన జీవితంలో భాగం. మనం మార్చేవి ఆయన మీద మనం చేసే పని. ఈ తేడాకి తర్కంలో ఏ పేరుందో గానీ ఇళ్లల్లో మాత్రం అందరికీ తెలుసు. నాన్న కళ్లజోడు నాన్నే విరగ్గొట్టుకుంటే వేరు, మనం విరగ్గొడితే వేరు.

అలాగని అత్తయ్య మాటే ఆఖరి మాట అని ఒప్పుకోవడం కూడా కష్టం. బతికున్నవాళ్లు వాడని వస్తువు సమాధి అవుతుంది. మా కోనసీమలోనే అంతర్వేది రథం సంగతి చూడండి. అరవయ్యేళ్లకి పైబడ్డ టేకు రథం 2020 సెప్టెంబరులో ఓ రాత్రి కాలి బూడిదైంది. దాని చుట్టూ జరిగిన రాజకీయం వదిలేద్దాం. పాతదాని రూపంలోనే కొత్త రథం చేయించారు, 2021 ఫిబ్రవరిలో స్వామి కల్యాణం నాటికి వీధిలోకి వచ్చింది. ఇరుసు, చక్రాలు, ఆకులు, పలకలు, ఒక్కటీ పాతది కాదు. అయినా దాన్ని "అంతర్వేది రథం" అనే అన్నారు, అంటున్నారు. థీసియస్ ఓడకైనా పలక పలకా మారే వ్యవధి దొరికింది. ఇక్కడ అదీ లేదు, మధ్యలో బూడిద ఉంది. ఐనా జనానికి అదే రథం, ఎందుకంటే అదే తాడు లాగుతున్నారు, అదే వీధిలో, అదే దేవుడి కోసం. అంటే వస్తువు ఒకటిగా ఉండటం అనేది వస్తువులో కాకుండా దాన్ని లాగే చేతుల్లో ఉందేమో. అలాగైతే బావ కాంటెస్సాని నడుపుతున్నంత కాలం, దాన్ని మావయ్య బండి అంటున్నంత కాలం, ఏ ఇరుసైతే ఏంటి?

ఇలా ఆలోచించుకుంటూ నేను చాలా దూరమే వెళ్లాను. ఆదుర్రు దాకా.

మాటవరసకి అనడం లేదు. నగరం, ఆదుర్రు రెండూ ఒకటే మండలం. వైనతేయ పాయ ఒడ్డున ఆదుర్రులో బౌద్ధ మహాస్తూపం శిథిలాలున్నాయి. మన ఆంధ్రలో స్తూపాలు చాలా వాటికి పునాది బండిచక్రంలా ఉంటుంది, మధ్యలో కుండ, చుట్టూ ఆకులు. తుక్కు ఇరుసు షెడ్డుకి వచ్చిన రోజు సాయంత్రం బావ బైకు తీసుకుని ఒక్కణ్ణే అక్కడికెళ్లి కూర్చున్నాను. మిలింద పన్హలో నాగసేనుడు, మిలిందుడు గుర్తొచ్చారు. రాజు రథమెక్కి వచ్చానంటాడు. భిక్షువు అడుగుతాడు: నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలా? కాడా? పగ్గాలా? రాజు దేనికీ అవుననలేడు. పోనీ ఇవన్నీ కలిపితే రథమా అంటే దానికీ కాదంటాడు. ఇవేవీ కాకుండా వేరే ఏదైనా రథమా అంటే అదీ కాదు. మరి రథమేది? ఆ భాగాల మీద ఆధారపడి మనం పెట్టుకున్న పేరు. మనిషీ అంతే అని చెప్పడం నాగసేనుడి ఉద్దేశం.

మోనియర్ విలియమ్స్ నిఘంటువులో సుఖం అనే మాటకి మూలార్థంగా "మంచి ఇరుసు కన్నం ఉన్నది" అని ఉంటుంది. ఋగ్వేదంలో ఆ మాట రథాల గురించే వస్తుంది. ఖం అంటే కన్నం. కన్నం సరిగ్గా ఉంటే బండి సుఖంగా పోతుంది, లేకపోతే దుఃఖం. ఈ వ్యుత్పత్తితో అందరూ ఏకీభవించరులెండి. కానీ నది ఒడ్డున కూర్చుని, ఎదురుగా చక్రం ఆకారంలో ఇటుకలు తల్చుకుంటూ, వెనక షెడ్డులో తుక్కు ఇరుసు పెట్టుకున్నవాడికి అది నిజం కాకపోవడం ఎలా సాధ్యం? ఈ వ్యాసానికి ఎత్తుగడ దొరికిందని సంబరపడ్డాను. "ఇరుసు రథమా?" అని శీర్షిక కూడా పెట్టుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం షెడ్డులో నేనింకొకటి చూశాను. దాని గురించి ఆ సాయంత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తెచ్చిన ఇరుసు ఓ పాత జీపుది. టేపు పెట్టి డ్రమ్ము నుంచి డ్రమ్ముకి కొలిచాం. కాంటెస్సా ఇరుసు కన్నా నాలుగంగుళాలు ఎక్కువ, ఒక్కో పక్క రెండు. బావకి కావలసింది సరిగ్గా అంతే. జీపులో అది కమాన్ కట్టల మీద కూర్చుంటుంది, కాంటెస్సాకి వెనక ఉన్నవి కాయిల్ స్ప్రింగులు, కాబట్టి పాత దిమ్మలు కోసేసి కొత్తవి వెల్డింగ్ చెయ్యాలి. ఆ వేడికి గొట్టం వంగకుండా మేస్త్రీ కాస్త కాస్త అతికి, చల్లారనిచ్చి, మళ్లీ అతికాడు. చూడముచ్చటైన పని. నేను రెండు చక్రాలూ కలిపి ఒక చుట్టు తిప్పి, ముందు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతోందో సుద్దముక్క గీతతో లెక్కపెట్టాను. పాతదానికి నాలుగు దగ్గర, కొత్తదానికి నాలుగున్నర పైన. స్పీడోమీటరు కేబులు గేరుబాక్సు నుంచి వస్తుంది, దానికి వెనక ఇరుసు మారిన సంగతి తెలీదు. ముల్లు 80 చూపిస్తే నిజంగా వెళ్లేది 70. ఇది చెప్పి అందర్నీ మెప్పించాను.

ఆ కొలతలప్పుడే డ్రమ్ములు చూశాను. జీపు డ్రమ్ము కాంటెస్సా డ్రమ్ము కన్నా పెద్దది. జాన పెట్టి చూస్తేనే తెలిసిపోయేంత. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి తూలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అందుకే తయారీదారులు ముందు బ్రేకులకి ఎక్కువ పట్టు, వెనక వాటికి తక్కువ పట్టు ఇస్తారు. వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతే బండి వెనకభాగం పక్కకి కొట్టి ముందుకొచ్చేస్తుంది. మనుషుల్నీ బస్తాల్నీ వెనకేసుకుని మోసే జీపుకి వెనక పెద్ద బ్రేకు కావాలి. ఖాళీ డిక్కీతో తిరిగే కారుకి అదే ప్రమాదం. ఇది రెండో సంవత్సరం పాఠం. నాకు తెలుసు. చూసిన క్షణంలోనే "వెనక బ్రేకు సంగతేంటి?" అనే ప్రశ్న వచ్చింది కూడా.

అడగలేదు. ఎందుకు అని ఇప్పటికి చాలాసార్లు వెనక్కి వెళ్లి వెతుక్కున్నాను. మేస్త్రీ అనుభవం ముందు నా చదువు చిన్నదనిపించింది ఒకటి. ఊరొచ్చిన సాఫ్ట్‌వేరువాడు అన్నిట్లో వేలు పెడతాడని అనుకుంటారని ఒకటి. ఆ క్షణంలో అందరూ సంతోషంగా ఉన్నారు, అది పెద్ద కారణం. ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది: నా బుర్రలో అప్పటికే వేరే ప్రశ్న తిరుగుతోంది, ఇది మావయ్య బండేనా అనే ప్రశ్న. అది లోతైన ప్రశ్నలా అనిపించింది, డ్రమ్ము సైజు మామూలు విషయంలా అనిపించింది.

ఆషాఢంలో మళ్లీ వెళ్లాను. నాలుగు రోజులుగా ముసురు. పంటకాలవ గట్టు మీద రోడ్డు, నలభై కన్నా ఎక్కువ స్పీడు లేదు (నిజం నలభై కాదు, ముల్లు నలభై). బావ నడుపుతున్నాడు, పక్కన నేను. మేక ఒకటి అడ్డం వచ్చింది. బావ బ్రేకు తొక్కాడు. ముందు ఏం జరగలేదనిపించింది, తర్వాత కొబ్బరిచెట్లు పక్కకి కదలడం మొదలుపెట్టాయి. బండి సగం చుట్టు తిరిగి, వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగింది. కుడి వెనక చక్రానికీ కాలవకీ మధ్య గజం జాగా ఉంది. ఆ గజంలో ట్యూషన్ నుంచి వస్తున్న ఓ పిల్ల ఉంది. బండి తూలడం చూసి సైకిలు వదిలేసి గట్టు వారకి దూకింది. సైకిలు కాలవలో పడింది. పిల్లకి మోకాలు గీరుకుపోయింది, అంతే. అంతే అని రాయడం ఎంత తేలికో.

ఆ చక్రం రెండంగుళాలు బయటికి ఉంది కదా అనే లెక్క నాకు చాలాసేపు పోలేదు.

సైకిలు తీయించి, పిల్లని ఇంట్లో దింపి వచ్చాక బావ "రోడ్డు జారింది" అన్నాడు. అప్పుడు చెప్పాను డ్రమ్ముల సంగతి. అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నీకు తెలుసా? మరప్పుడెందుకు చెప్పలేదు బావా?" అని మాత్రం అన్నాడు. నాగసేనుడు, థీసియస్, హాబ్స్ ముగ్గురూ నా పక్కనే ఉన్నారు గానీ ఎవరూ నోరు విప్పలేదు.

అప్పటినుంచీ నాకు ఆ పాత చిక్కుముడి మీదే కాస్త అనుమానం మొదలైంది. అది అబద్ధమని కాదు. ఒక వస్తువు మారాక అదేనా అని అడిగేటప్పుడు మనం వస్తువుని గదిలో పెట్టి తలుపేసి అడుగుతాం. థీసియస్ ఓడ రేవులో కట్టేసి ఉంది, ఎవరూ ఎక్కరు. నాగసేనుడి ప్రశ్న మొదలయ్యేసరికి రాజు రథం దిగేశాడు. ఆగిపోయిన వాహనం మీదే ఈ ప్రశ్న అందంగా ఉంటుంది. కదిలే బండికి భాగాలు మాత్రమే ఉండవు, దారి ఉంటుంది, దారిలో వేరేవాళ్లుంటారు. ఇరుసు మార్చడం అనే పని వెనక చక్రాల దగ్గర ఆగదు. బ్రేకు గొట్టాల్లోంచి ముందుకి పోతుంది, ముల్లు దగ్గరికి పోతుంది, గట్టు వారకి పోతుంది. నా ఉద్యోగంలో ఇది రోజూ చూస్తాను. ఒక లైబ్రరీ వెర్షన్ మారిస్తే ఎక్కడో మనం ఎప్పుడూ తెరవని ఫైలు కూలుతుంది. అక్కడైతే కూలాక మళ్లీ వెనక్కి తిప్పుకోవచ్చు.

చట్టం ఈ విషయంలో తత్వవేత్తల కన్నా మొరటుగా, కొంత తెలివిగా ఆలోచించింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ రిజిస్ట్రేషన్ పత్రంలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ఆ తీర్పు వచ్చినప్పుడు బండ్ల అభిమానులు గోలగోల చేశారు. నేను కూడా విసుక్కున్నాను. నా బండి, నా డబ్బు, మధ్యలో నీకేంటి? పైగా ఆర్‌సీ కార్డులో వీల్‌బేస్ ఉంటుంది, అది ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, మేం దాన్ని ముట్టుకోలేదు. ఇరుసు వెడల్పు ఆ కార్డులో ఉండనే ఉండదు. కాబట్టి కాగితం ప్రకారం మా బండి మారలేదు! ఈ వాదన బావకి నేనే నేర్పాను. ఇప్పుడు చూస్తే ఇది వాదన కాదు, సందు. కాగితం మీద అక్షరం మారకుండా బండి ఎన్ని రకాలుగా మారగలదో తెలిసినవాడికే ఈ సందు కనిపిస్తుంది. అలాంటివాడు దాన్ని ఎవరికి తెలియజేయాలి అన్నదే అసలు సంగతి.

అలాగని చట్టమన్నట్టు ఏదీ ముట్టుకోకూడదంటే కూడా ఒప్పుకోలేను. మేస్త్రీ లాంటివాళ్ల చేతుల్లో ఉన్న విద్య అంతా ఏమైపోవాలి? కంపెనీ 2002లో మానేసిన బండిని ఇన్నేళ్లు నడిపించింది వాళ్ల అతుకులే. దొరకని భాగం బదులు దొరికిన భాగం పెట్టి, లేత్ మీద తిప్పి, సరిచేసి. మార్చడం తప్పయితే ఈ దేశంలో సగం బండ్లు, సగం ఇళ్లు, సగం బతుకులు తప్పే.

ఇంకో సంగతి చెప్పాలి, పోలిక పెద్దదని తెలుసు. నగరం పేరు దేశమంతా విన్నది ఒక్కసారే. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు పైపులైను పేలింది, ఇళ్లల్లో నిద్రపోతున్నవాళ్లు కాలిపోయారు, ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసమని వేసిన గొట్టంలో తేమతో ఉన్న గ్యాసు పంపారనీ, నీటిని తీసేసే యూనిట్ పెట్టలేదనీ, దాంతో గొట్టం తినేసిందనీ విచారణలో తేలింది. బయటికి అదే గొట్టం. పేరు మారలేదు, మ్యాపులో గీత మారలేదు. లోపల పారేది మారింది, ఆ సంగతి పైన నివసించేవాళ్లకి తెలీదు. మేం చేసిన పనినీ ఆ ఘోరాన్నీ ఒక గాటన కట్టడం లేదు. కానీ ఆ ఊళ్లో కూర్చుని "నా బండి, నా ఇష్టం" అనే మాట అనడం మాత్రం నాకు ఇక చేతకాదు. ఆ మాటకి అక్కడ వేరే వాసన ఉంది.

మళ్లీ అత్తయ్య దగ్గరికి రావాలి. బండి తిరిగిన రోజు రాత్రి ఆవిడ నేను ముందే చెప్పాను కదా అనలేదు. ఆ మాట కోసం మేమిద్దరం తల వంచుకుని సిద్ధంగా కూర్చున్నాం. ఆవిడ ఎవరి పిల్ల అని అడిగి, గొడుగు తీసుకుని వాళ్లింటికి వెళ్లి, గంట తర్వాత వచ్చింది. సైకిలు కొనివ్వాలి అంది. అన్నం పెట్టింది. ఇరుసు మాటే ఎత్తలేదు. మావయ్య బండి అనే మాట కూడా ఎత్తలేదు. నాకు అర్థమైనంతలో, ఆవిడకి ఆ రోజు ఆ బండి ఎవరిదన్నది చిన్న విషయమైపోయింది.

మేస్త్రీకి చెప్తే మొహం మాడ్చుకోలేదు. "చూడాల్సిందండీ. నాదే తప్పండీ, ఆయ్" అన్నాడు. నాది కూడా అన్నాను. వెనక డ్రమ్ముల్లో చిన్న సిలిండర్లు వేశాడు, అంటే అదే తొక్కుడుకి వెనక తక్కువ పట్టు. తర్వాత ఖాళీ రోడ్డు మీద తడిలో, పొడిలో బావ బ్రేకులు తొక్కుతుంటే నేను పక్కన నిలబడి ఏ చక్రాలు ముందు బిగుసుకుంటున్నాయో చూశాను. ఇప్పుడు ముందువే. పాత ఇరుసుని పారేయలేదు. పాకలో గోడకి చేరేసి ఉంది, గ్రీజు పూసి గోనె కప్పాం. పాత కట్టడాలు బాగుచేసేవాళ్లకి 1964 వెనిస్ చార్టర్ అని ఒకటుంది, కొత్తగా చేర్చింది పాతదానితో కలిసిపోవాలి గానీ ఏది కొత్తదో చూడగానే తెలియాలంటుంది. కోళ్లు ఆ గోనె మీదెక్కి పడుకుంటున్నాయి. మా చార్టర్ ప్రస్తుతానికి అంతే.

బండి ఇప్పుడు వెనక నుంచి చూస్తే చాలా బావుంది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది.

పోయిన నెల వెళ్లినప్పుడు ఒక కాగితం రాసి కారు డాష్‌బోర్డు అరలో పెట్టాను. వెనక ఇరుసు జీపుది. ఎంత వెడల్పు. ముల్లు 80 అంటే నిజం 70. వెనక డ్రమ్ములు పెద్దవి, సిలిండర్లు చిన్నవి, మార్చాల్సి వస్తే ఈ సైజే వెయ్యాలి, పెద్దది వెయ్యకూడదు. ఎప్పుడు మార్చామో తేదీ. ఈ బండి రేపు అమ్మినా, ఇంకో ముప్పై ఏళ్లకి ఇంకెవరో నడిపినా, వాళ్ల మేస్త్రీకి తెలియాలి కదా.

అత్తయ్య చదవమంది. చదివాను. సిలిండర్లంటే ఏంటని అడిగింది, చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ పిల్ల సంగతి రాయలేదే?" అంది.

బండి వివరాల్లో అదెందుకని బావ అన్నాడు. ఆవిడ సమాధానం చెప్పకుండా కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. నేను పెన్ను అడిగాను. కాగితంలో కింద రెండు లైన్లకి చోటుంది. తేదీ రాసి, పంటకాలవ గట్టు అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో ఆలోచిస్తూ కూర్చున్నాను.